కాలేజీ రెండో గేటు మా వీధిలోకి తెరిచినాక: బస్సులు, హారన్లు, జనరేటర్ (అనంతపురం)

మూడోక్రాసు | ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఊరి అంచున ఉండే కాలనీ మాది. కాలనీ పేరు, కాలేజీ పేరు రాయడం లేదు. ఎవరి పరువూ తీయాలని కాదు, దారి వెతుక్కోవడానికి రాస్తున్నాను.

మేము ఇల్లు కట్టుకున్నప్పుడు వీధి చివర కాలేజీ ప్రహరీ, దాని వెనక కంపచెట్లు. అంతే. వాళ్ల మెయిన్ గేటు అవతల హైవే వైపు ఉండేది. రెండేళ్ల కిందట ఆ కంపచెట్లు కొట్టేసి ఐదంతస్తుల బ్లాకు లేపినారు. పోయిన జూన్‌లో గోడ పగలగొట్టి రెండో గేటు మా 30 అడుగుల రోడ్డులోకి పెట్టినారు. ఇప్పుడు బస్సులన్నీ ఇటే.

పొద్దున 7:50కి మొదటి బస్సు. అది ఒక్క తిప్పులో లోపలికి పోలేదు. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. వెనక్కి తీసేటప్పుడల్లా ఆ రివర్స్ హారన్. మా వంటింటి అరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. దాని వెనక ఇంకో బస్సు, దాని వెనక ఆటోలు, బైకులు.

మా నాయనకు పక్షవాతం. ఎనిమిదికి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి స్కూటీ మీద వస్తుంది. రోజూ సందు మొదట్లో పావుగంట నిలబడి, బండి అక్కడే వదిలి నడిచి వస్తుంది. అదన్నా సర్దుకున్నాం. పోయిన నెల కాలేజీలో ఏదో ఫంక్షన్ ఉన్న రాత్రి నాయనకు ఊపిరాడలేదు. 108 వచ్చింది గానీ సందు మొదట్లోనే ఆగిపోయింది, రెండు పక్కలా బైకులు. నేనూ పక్కింటి పిల్లోడూ నాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయినాం. డీజే మోతలో ఆయన ఏం చెప్తున్నాడో నాకు వినపడలేదు. నోరు మాత్రం కదులుతాంది. దేవుని దయ, బతికి బయటపడినాడు.

కాలేజీ ఆఫీసులో అడిగితే ‘మాకు పర్మిషన్ ఉంది’ అన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే ‘రాసివ్వండి’ అన్నారు. ఏమని రాయాలి, ఎవరికి రాయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ధర్మవరంరోడ్డు | ఆదివారం, రాత్రి 10:15

అన్నా, నాయన విషయం చదివి బాధైంది. కానీ ఒక మాట. ఆ కాలేజీ రాకముందు మన పక్క సెంటు స్థలం ఎవరైనా అడిగినారా? మా మిద్దె మీద రెండు రూములు పిల్లోళ్లకే బాడుగకు ఇచ్చినాను. ఆ బాడుగతోనే ఇంటి లోను కడతాండాను. కాలేజీ మీద కంప్లయింట్లు పెట్టి వాళ్లను ఇబ్బంది పెడితే రేపు మన నోట్లోనే మట్టి.

రాత్రిడ్యూటీ | ఆదివారం, రాత్రి 11:30

డ్యూటీలో విరామంలో రాస్తున్నా. నేను స్టాఫ్ నర్సును. రాత్రంతా వార్డులో ఉండి పొద్దున ఎనిమిదిన్నరకు ఇల్లు చేరతాను. తొమ్మిదికి పడుకుంటే కరెంటు పోయిన రోజు సరిగ్గా అప్పుడే జనరేటర్ మొదలవుతుంది. మా పడకగదికీ దానికీ మధ్య ప్రహరీ గోడ ఒక్కటే. దాని మీద రేకు కప్పు తప్ప ఇంకేమీ లేదు. పొగ గొట్టం మా కిటికీ ఎత్తులో ఉంది. కిటికీ వేస్తే ఉక్క, తీస్తే డీజిల్ వాసన. మే నెలలో అనంతపురంలో కిటికీ మూసుకుని పగలు పడుకోవడమంటే ఏమిటో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. ఫోన్లో ఒక యాప్‌తో కిటికీ దగ్గర చూస్తే 78 డెసిబెల్స్ చూపించింది. అది ఎక్కువో తక్కువో నాకు తెలీదు. నాకు తెలిసింది ఒకటే: నిద్ర లేకుండా పోయి ఇంజెక్షన్ డోసు లెక్క వేసేటప్పుడు నాకు భయమేస్తుంది.

ధర్మవరంరోడ్డు అన్నా, బాడుగ మీకు వస్తుంది. పొగ మాకు వస్తుంది.

చెనక్కాయలచేను | సోమవారం, ఉదయం 5:50

నేను మీ ఊరోన్ని కాదు. కళ్యాణదుర్గం పక్క పల్లె. మా పాప ఆ కాలేజీలోనే చదువుతాంది. ఆరున్నరకల్లా బస్సు ఎక్కించేసి చేనికి పోతాను. మీ ఇండ్ల ముందర నిలబడే ఆ బస్సులో మా పాప ఉంటాది.

మా పక్క వాన సంగతి మీకు తెలుసు. ఏడాది పొడుగునా కలిపినా 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. నాలుగేండ్లు చెనక్కాయ వేస్తే ఒక ఏడు చేతికొస్తాది. మా నాయన నన్ను చదివించలేకపోయినాడు. నేను పాపను బండెద్దులు అమ్మి చేర్పించినాను. కాలేజీ పెరగకపోతే మా మాదిరోళ్లకు సీటు యాడ దొరుకుతాది? బెంగళూరుకు పంపాలంటే మా చేత కాదు. బస్సు మీకు మోత గావచ్చు. మాకు అది బిడ్డ క్షేమంగా పోయి క్షేమంగా ఇల్లు చేరే దారి. దయచేసి కాలేజీని ఆపమని మాత్రం రాయొద్దండి.

మూడోక్రాసు | సోమవారం, ఉదయం 7:05

అన్నా, మీకు చేతులెత్తి నమస్కారం. కాలేజీ ఆపమని నేను ఎక్కడా అనలేదు, అనను. మా నాయన ఎలిమెంటరీ స్కూలు అయ్యవారుగా రిటైరైనాడు. ఈ జిల్లాకు చదువే ఆధారమని ఆయన జీవితాంతం చెప్పినాడు. మీ పాప బస్సు కూడా మా వీధిలో అరగంట ఇరుక్కుంటోంది కదా. ఆ అరగంట ఆమెది కూడా.

లెక్కలయ్యోరు | సోమవారం, ఉదయం 10:20

రెండో క్రాసులో ఉంటాను. పోయిన వారం మూడు రోజులు అరుగు మీద కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాను. కోపంతో మాట్లాడేకంటే కొలిచి మాట్లాడితే ఎదుటివాళ్లు వింటారని నా నమ్మకం.

రోడ్డు 30 అడుగులు అంటున్నాం. అంటే 9 మీటర్లు. రెండు పక్కలా మురుగు కాలువ, వాటి మీద మెట్లు, బైకులు. ఇవన్నీ పోగా టేపు పెడితే నిజంగా బండి నడిచే జాగా 19 అడుగులు తేలింది, ఆరు మీటర్లకంటే తక్కువ. కాలేజీ బస్సు పొడవు దగ్గర దగ్గర 11 మీటర్లు. అంత బస్సు తిరగాలంటే బయటి చక్రం గీసే వృత్తానికి దాదాపు 12 మీటర్ల వ్యాసార్థం కావాలి. ఆరు మీటర్ల రోడ్డులోంచి గోడలో ఉన్న గేటులోకి అది ఒక్కసారిగా లంబకోణంలో తిరగడం లెక్క ప్రకారమే అసాధ్యం. ఎంత మంచి డ్రైవరైనా వెనక్కి తీయాల్సిందే. వెనక్కి తీస్తే రివర్స్ హారన్ మోగాల్సిందే. కాబట్టి తప్పు డ్రైవరుది కాదు, గేటు పెట్టిన చోటుది.

ఇంకోటి. గేటు సరిగ్గా ప్రహరీ గీత మీద ఉంది. వాచ్‌మన్ ఆపి చూసేటప్పుడు బస్సు మొత్తం మన రోడ్డు మీదే నిలబడాలి. ఒక్కో బస్సుకు నేను చూసింది నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు. గేటును ఒక బస్సు పొడవంత లోపలికి జరిపి, రెండు పక్కలా గోడ మూలలు ఏటవాలుగా కోస్తే ఆ రెండు నిమిషాలూ బస్సు వాళ్ల స్థలంలో నిలబడుతుంది.

బస్సుస్టీరింగ్ | సోమవారం, మధ్యాహ్నం 2:10

అయ్యోరు సార్ రాసింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఆ బస్సుల్లో ఒకదాని డ్రైవరును. తాడిపత్రి పక్క నుంచి వస్తాను.

మమ్మల్ని తిట్టని రోజు లేదు. ఒకామె చీపురు పట్టుకుని బస్సు ముందుకొచ్చింది. ఆమెది తప్పనను. కానీ హారన్ కొట్టకుండా రివర్స్ తీస్తే వెనక స్కూలు పిల్లోడు ఉంటే? ఎనిమిదీ నలభైకి లోపల లేకపోతే మాకు ఆలస్యం రాస్తారు, అందుకే ఒకరి వెనక ఒకరు తోసుకొస్తాం. ఎయిర్ హారన్ వాడేవాళ్లు మాలో ఇద్దరు ముగ్గురు ఉండారు, అది మాత్రం తప్పే. నేను పీకించేసినాను.

ఇంకొక సంగతి చెప్తా. మెయిన్ గేటు పక్క హైవే సర్వీసు రోడ్డు ఉండాది. ఎన్ని బస్సులైనా దర్జాగా తిరుగుతాయి. పోయినేడు దాకా అటే పోయేవాళ్లం. అక్కడ గడ్డి, పూలచెట్లు పెట్టినాక బస్సులు ఇటు మళ్లించినారు. లోపల పాత వాలీబాల్ కోర్టు ఖాళీగా ఉండాది, మా బస్సులన్నీ పడతాయి.

ఈసీఈమూడోఏడు | సోమవారం, సాయంత్రం 6:40

నేను అదే కాలేజీ స్టూడెంట్‌ని. అంకుల్, మీ వీధిలో బైకులు పెట్టేది మేమే. క్షమించండి. కానీ ఎందుకు పెడుతున్నామో కూడా వినండి. స్టూడెంట్స్ బండ్లు లోపలికి రానివ్వరు. స్టాఫ్‌కు మాత్రమే. కొత్త బ్లాకు కింద పార్కింగ్ అని రాసి ఉన్న సెల్లార్‌లో ఇప్పుడు ల్యాబ్ బెంచీలు వేసినారు. బండి లోపల పెట్టనివ్వకపోతే బయట కాక ఎక్కడ పెట్టాలి?

రెండేళ్లలో జనం ఎంత పెరిగారో మాకే తెలుస్తుంది. నేను చేరినప్పుడు కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండేవి. ఇప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు అయిపోతాయేమో అన్నట్టు ఉన్నాయి. క్యాంటీన్లో కూర్చోవడానికి చోటు లేదు. జనరేటర్ పక్కనే మా క్లాస్‌రూమ్ కూడా. నర్సు అక్క రాసింది మేమూ అనుభవిస్తున్నాం, సార్ చెప్పేది వెనక బెంచీలకు వినపడదు.

ప్లాన్‌అప్రూవల్ | సోమవారం, రాత్రి 9:05

టౌన్ ప్లానింగ్‌లో పని చేసి రిటైరయ్యాను. ఈ తమ్ముడు రాసిన సెల్లార్ మాట దగ్గరే అసలు తాళం ఉంది. అందరూ జాగ్రత్తగా చదవండి.

సెక్షన్లు ఎందుకు పెరిగాయంటే, 2024-25 నుంచి ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) బాగా నడిచే కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల మీదున్న గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. అంతకుముందు బ్రాంచికి 240 దాటేది కాదు. గదులు, అధ్యాపకులు చూపిస్తే సీట్లు వస్తాయి. ఆ లెక్కలో కాలేజీ బయట రోడ్డు ఎంత వెడల్పో ఎవరూ చూడరు. ఇది మన ఒక్క కాలేజీ గొడవ కాదు.

భవనం సంగతి. రాష్ట్ర బిల్డింగ్ రూల్స్ 2017లో వచ్చాయి, జీవో 119. పార్కింగ్ స్థలం లోపలే చూపాలి, చూపిన చోటును ఇంకో పనికి వాడకూడదు. ప్లానులో సెల్లార్ పార్కింగ్ అని ఉండి అక్కడ ల్యాబ్ నడుస్తుంటే అది ప్లాను ఉల్లంఘన. రెండో గేటు ఆమోదించిన ప్లానులో ఉందా లేదా అన్నదీ చూడాలి. ఈ రెండూ మనం ఊహించి రాయకూడదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఆమోదించిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ నకళ్లు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

శబ్దం సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రంటే పది నుంచి ఆరు. పగలు పరిమితికి 10 డెసిబెల్స్ మించితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. నర్సమ్మ చూసిన 78 ఫోన్ లెక్క, అది సాక్ష్యంగా నిలబడదు, కానీ అధికారిక మీటరుతో కొలవమని అడగడానికి చాలు. డెసిబెల్స్ కూడికలా పెరగవు. 10 పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోత. జనరేటర్‌కు శబ్దం ఆపే పెట్టె ఉండాలి, ఆ పెట్టెకు మీటరు దూరంలో 75 దాటకూడదు. పొగ గొట్టం భవనం ఎత్తు దాటి పైకి పోవాలి. ఎంత పైకంటే జనరేటర్ సామర్థ్యం (కేవీఏ) వర్గమూలంలో ఐదో వంతు మీటర్లు. 100 కేవీఏ అయితే భవనం మీద ఇంకో 2 మీటర్లు. కిటికీ ఎత్తులో ఉందంటే ఆ ఒక్క మాటే చాలు.

మైకులకు అదే నిబంధనల్లో ఉంది: ప్రైవేటు స్థలంలో వాడే సౌండ్ సిస్టమ్ మోత సరిహద్దు గోడ దగ్గర ఆ ప్రాంతపు పరిమితికి 5 డెసిబెల్స్ కంటే మించకూడదు. రాత్రి పది తర్వాత ఆరుబయట మైకు లేదు. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కాలేజీ చుట్టూ 100 మీటర్లు దానంతటదే నిశ్శబ్ద ప్రాంతం అనుకుంటారు. 2017 సవరణ తర్వాత ప్రభుత్వం ప్రకటిస్తేనే అది నిశ్శబ్ద ప్రాంతం. అర్జీలో ఆ మాట రాసి దెబ్బతినొద్దు, నివాస ప్రాంతపు లెక్కే పట్టుకోండి. ఎయిర్ హారన్‌కు కేంద్ర మోటారు వాహనాల నిబంధన 119 ఉంది, ట్రాఫిక్ పోలీసులకు వేరే కాగితం అక్కర్లేదు.

నా మనసులో మాట ఒకటి. మన ఊళ్లో పాతవాళ్లు చదువులకు చోటు ఎట్లా చూశారో గుర్తు చేసుకోండి. ఆర్ట్స్ కాలేజీ 1916 నాటిది, మాజీ రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారు చదివిన కాలేజీ. ఇంజినీరింగ్ కాలేజీ 1946 నాటిది. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీని ఊరికి దూరంగా ఇటుకలపల్లి దగ్గర విశాలంగా పెట్టారు. ముందు స్థలం, తర్వాత పిల్లలు. ఇప్పుడు ముందు పిల్లలు వస్తున్నారు, స్థలం మన వీధిలోంచి తీసుకుంటున్నారు.

ఉగ్గానిబండి | మంగళవారం, ఉదయం 11:50

గేటు ఎదురుగా ఉగ్గాని, బజ్జీ బండి నాదే. గేటు మూసేస్తే నా బతుకేంది? కరోనా ముందర మా ఆయన ఆటో ఉండె, అది పోయింది. ఈ బండి మీదనే ఇద్దరు బిడ్డల చదువు. అందరూ చదువుకున్నోళ్లు మాట్లాడుకుంటాండారు, నా మాదిరోళ్ల గురించి ఒక్కరూ రాయలేదు.

రాత్రిడ్యూటీ | మంగళవారం, మధ్యాహ్నం 3:15

అక్కా, డ్యూటీ దిగి నేను తినేది మీ ఉగ్గానే. పిల్లలు నడిచి వచ్చే చిన్న గేటు అక్కడే ఉండనీ, బస్సులు మాత్రం అటు పోనీ. అట్లా రాద్దాం. మీ పేరు కూడా అర్జీలో పెడదాం, మీరు ఒప్పుకుంటే.

ధర్మవరంరోడ్డు | మంగళవారం, రాత్రి 8:30

పెద్దగా రాయను. ఈ సాయంత్రం మా పైరూము పిల్లోళ్లను అడిగినాను. వాళ్లూ చదువుకోలేకపోతాన్నామన్నారు, వచ్చే నెల రూము మారతారంట. నాకు ఆ విషయం ఇప్పుడే తెలిసింది. సంతకం పెడతాను. కానీ గేటుకు తాళం వేద్దాం, బస్సులకు అడ్డం కూర్చుందాం అని వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టినారు. దానికి మాత్రం నేను రాను.

చెనక్కాయలచేను | మంగళవారం, రాత్రి 9:10

బస్సులు ఆపొద్దండి సామీ. వాళ్లకు సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడినాయి.

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 9:25

బస్సులు అడ్డుకునే పిలుపు ఇక్కడ పెట్టకండి, కాలేజీ పేరు బయటపెట్టిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. మిగతా చర్చ కొనసాగించండి.

మూడోక్రాసు | ఆదివారం, సాయంత్రం 5:30

అర్జీ రాసినాం. అయ్యోరు కొలిచిన లెక్కలు, వీధి బొమ్మ పైన. కింద మేము అడిగేవి: బస్సులు హైవే గేటు నుంచే పోవాలి. అది వీలుకానన్ని రోజులు రెండో గేటు బస్సు పొడవంత లోపలికి జరగాలి. పిల్లల బండ్లకు లోపల జాగా ఇవ్వాలి. జనరేటర్‌కు పెట్టె, గొట్టం. ఫంక్షన్ రోజుల్లో సందు మొదట్లో ఒక మనిషిని నిలబెట్టి అంబులెన్స్ దారి ఖాళీగా ఉంచాలి. నడిచే గేటు తీయకూడదు, తోపుడు బండ్ల మీద బతికేవాళ్లను లేపకూడదు. ఈ చివరి రెండూ ఉగ్గాని బండి అక్క చెప్పినట్టే ఆమె మాటల్లో రాసినాం.

రేపు సోమవారం, కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోతాం. తొమ్మిదిన్నరకు టవర్ క్లాక్ దగ్గర కలుద్దాం. ఆధార్ నకలు తెచ్చుకోండి.

ప్లాన్‌అప్రూవల్ | ఆదివారం, సాయంత్రం 6:02

రసీదు నంబరు తీసుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలొద్దు. సమాచార హక్కు దరఖాస్తు వేరే కాగితం, దీనితో కలపొద్దు.

ఈసీఈమూడోఏడు | బుధవారం, మధ్యాహ్నం 1:20

ఇవాళ కాలేజీలో నోటీసు పెట్టారు. వచ్చే సోమవారం నుంచి స్టూడెంట్స్ బండ్లు కొత్త బ్లాకు వెనక పెట్టుకోవచ్చంట. గేటు గురించి ఏమీ లేదు.

బస్సుస్టీరింగ్ | బుధవారం, రాత్రి 7:45

ట్రాఫిక్ వాళ్లు వచ్చి బస్సుల హారన్లు చూసినారు. రెండు పీకించినారు. మమ్మల్ని అడిగితే తిరగడం కుదరదని నేనే చెప్పినాను, ఎక్కి చూడండి సార్ అని. ఒకాయన ఎక్కినాడు. కిటికీలోంచి తల బయట పెట్టి వెనక చక్రం కాలువ అంచుకు ఎంత దగ్గర పోతాందో చూసినాడు, జానెడు. దిగి ఏమీ మాట్లాడలేదు, ఫోటో తీసుకున్నాడు.

రాత్రిడ్యూటీ | బుధవారం, రాత్రి 10:40

జనరేటర్ అట్లాగే ఉంది. ఇవాళ పొద్దున గంటా పది నిమిషాలు నడిచింది. ఏ రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో క్యాలెండర్ మీద రాస్తున్నా. మీటరుతో కొలవడానికి వస్తే మా ఇంట్లోంచే కొలవమనండి, నేను నిద్రలో ఉన్నా తలుపు కొట్టండి.

లెక్కలయ్యోరు | గురువారం, ఉదయం 8:55

కాలేజీ నుంచి ఇంజినీరు శనివారం వచ్చి గేటు చూస్తాడని ఫోన్ వచ్చింది. పది గంటలకు. మనం కొలిచింది వాళ్ల ముందే మళ్లీ కొలవాలి. నా దగ్గరున్న టేపు 5 మీటర్లదే. ఎవరి దగ్గరైనా 30 మీటర్ల టేపు ఉంటే తీసుకురండి. ముగ్గు పొడి నేను తెస్తాను, బస్సు చక్రాలు తిరిగే గీత రోడ్డు మీదే గీసి చూపిద్దాం. డ్రైవరు తమ్ముడు ఆ టైముకు ఖాళీగా ఉంటాడా?

బస్సుస్టీరింగ్ | గురువారం, ఉదయం 9:30

ఉంటాను సార్. బస్సు తీసుకొస్తాను.